క్యారెట్ రంగు ఎందుకు వెలగదు?

ప్రశ్న: మేడమ్, నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. పాలకూర నూరి, స్పిరిట్‌లో కలిపి వడకట్టి, చీకటి గదిలో నీలం టార్చ్ వేస్తే ఆ పచ్చటి ద్రవం ఎర్రగా వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో క్యారెట్ తురుమును నూనెలో వేడిచేసి, ఆ నారింజ నూనె మీద టార్చ్ వేశాం. ఏమీ వెలగలేదు. అదీ నీలం కాంతిని పీల్చుకుంటోంది కదా, మరి ఆ శక్తి ఎటు పోతోంది?
— ఒక ఉపాధ్యాయుడు, మదనపల్లె

జవాబు: మాస్టారూ, మీ ప్రయోగంలో తప్పేమీ లేదు. క్యారెట్ వెలగకపోవడమే సరైన ఫలితం. పీహెచ్‌డీలో నేను క్యారెట్‌కు నారింజ రంగునిచ్చే బీటా కెరోటిన్‌తోనే నాలుగేళ్లు గడిపాను. మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను.

వెలగాలంటే అణువుకు తీరిక ఉండాలి. కాంతిని పీల్చుకున్న క్లోరోఫిల్ ద్రావణంలో దాదాపు 5 నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో వందకోట్లవ వంతు) ఉత్తేజంగా ఉంటుంది. ఆలోగా కొన్ని అణువులు ఎర్రకాంతిని వదులుతాయి. కెరోటిన్‌కు అంత వ్యవధి లేదు. నీలం కాంతి దాన్ని ఎస్-2 అనే ఎత్తైన శక్తి స్థాయికి ఎక్కిస్తుంది. అక్కడ అది 200 ఫెమ్టోసెకన్లు (ఫెమ్టోసెకను అంటే నానోసెకనులో పదిలక్షలవ వంతు) కూడా నిలవడం కష్టం. కిందనున్న ఎస్-1కు జారుతుంది, అక్కడ మరో 9, 10 పికోసెకన్లు (పికోసెకను అంటే నానోసెకనులో వెయ్యో వంతు) ఉంటుంది. తర్వాత శక్తంతా అణువు కంపనాలుగా మారి, వేడిగా మీ నూనెలో కలిసిపోతుంది. క్లోరోఫిల్ గంటసేపు ఆగిందనుకుంటే, కెరోటిన్ ఎస్-1లో ఆగేది 7 సెకన్లు.

ఈ ఎస్-1 అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. దాని సౌష్ఠవం (ఎలక్ట్రాన్ల అమరికలోని పొందిక), కాంతి తగలకముందు అణువు ఉండే అడుగు స్థాయి సౌష్ఠవం ఒకే రకం. సౌష్ఠవం మారే స్థాయికే కాంతి అణువును ఎక్కించగలదు. అందువల్ల కాంతి అణువును నేరుగా అక్కడికి ఎక్కించలేదు, మామూలు వర్ణపటంలో దాని జాడే కనబడదు. ఇలాంటి దాగిన స్థాయి ఒకటి ఉందని 1972లో హడ్సన్, కోలర్ అనే శాస్త్రవేత్తలు కెరోటిన్‌కు చిన్న చుట్టం లాంటి అణువులో చూపించారు.

కనబడనిదాన్ని చూడాలంటే వేగం కావాలి. మా ల్యాబ్‌లో ఒకే లేజర్ పల్స్‌ను రెండుగా చీల్చేవాళ్లం. మొదటిదాన్ని 490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న రంగుకు మార్చి ద్రావణం మీదికి పంపితే అది అణువులను లేపుతుంది. రెండోదాన్ని తెల్లకాంతిగా మారుస్తాం. అది కాస్త ఆలస్యంగా వచ్చి, లేచిన అణువులు ఇప్పుడు ఏ రంగును మింగుతున్నాయో చూస్తుంది. ఆ ఆలస్యాన్ని కొలవడానికి గడియారం అక్కర్లేదు, దారి పెంచితే చాలు. ఒక పల్స్ దారిలోని అద్దాల జతను 15 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెనక్కి జరిపితే పోనూ రానూ 30 మైక్రాన్లు పెరుగుతుంది. అంటే 100 ఫెమ్టోసెకన్లు. ఒకటిన్నర మిల్లీమీటర్లు జరిపితే 10 పికోసెకన్లు. ఎస్-1 సగటు ఆయుష్షు అంతే. ఈ పద్ధతితో రసాయన చర్యలను చూసినందుకే రసాయన శాస్త్రవేత్త అహ్మద్ జివైల్‌కు 1999లో నోబెల్ వచ్చింది.

కెరోటిన్‌తో పని అంత తేలిక కాదు. మొదట్లో ద్రావణాన్ని కదలని గాజు సెల్‌లో ఉంచి రాత్రంతా కొలిచాను. తెల్లారేసరికి లేజర్ దెబ్బకు అది పాలిపోయింది, డేటా మొత్తం పారేయాల్సి వచ్చింది. ఏడుపొచ్చింది. ఆ తర్వాత చిన్న పంపుతో ద్రావణాన్ని తిప్పుతూ, గంటగంటకూ రంగు సరిచూసుకుంటూ కొలిచాను. అప్పుడు 550 నానోమీటర్ల పైన, అంతకుముందు శోషణే లేని చోట, ఒక గుబ్బ లేచి పది పికోసెకన్లలో సన్నగిల్లడం తెరమీద చూశాను. అదే ఎస్-1. ఆ గ్రాఫ్ ప్రింటు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

మీ పాలకూర ద్రవంలోనూ కెరోటిన్, దాని చుట్టమైన ల్యూటిన్ అనే పసుపు రంగు ఉన్నాయి, పచ్చదనం వాటిని కప్పేస్తోంది. ఆకులో ఉన్నప్పుడు అవి ఇంత తక్కువ సమయంలోనే కొంత శక్తిని పక్కనున్న క్లోరోఫిల్‌కు అందిస్తాయి.

ఒక జాగ్రత్త. యూవీ టార్చ్ వాడకండి. దానికి నూనె తానే కాస్త మెరిసి పిల్లలను తికమక పెడుతుంది, కళ్లకూ మంచిది కాదు.

మీది టమాటాల ఊరు కదా, ఈసారి వాటితో చేయండి. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్‌లోనూ కెరోటిన్‌లో లాగే ఒకటి విడిచి ఒకటిగా 11 జంట బంధాలుంటాయి. అయితే కెరోటిన్‌లో వాటిలో రెండు చివరి వలయాల్లో ఉండి కాస్త మెలితిరుగుతాయి, లైకోపీన్‌లో పదకొండూ తిన్నని గొలుసులోనే ఉంటాయి. దాంతో ఎస్-1 ఇంకా కిందికి దిగి, అడుగు స్థాయికి దగ్గరై, 4, 5 పికోసెకన్లకే ఖాళీ అవుతుంది. అదీ వెలగదు.