ఫైర్ బెల్లీ న్యూట్లను (బల్లిలా కనిపించే, నీళ్ళలో బతికే ఉభయచరాలు) గప్పీ చేపలతో కలిపి పెంచవచ్చా? హైదరాబాద్‌లో ట్యాంకు ఎలా ఉండాలి?

కలపకండి. గప్పీలకు వెచ్చటి నీళ్ళు కావాలి, న్యూట్లకు 16-20 డిగ్రీల చల్లటి నీళ్ళు. పైగా న్యూట్ చర్మంలో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది, దాన్ని కొరికిన చేప చావొచ్చు. గోల్డ్‌ఫిష్ చల్లనీళ్ళకు తట్టుకుంటుంది గానీ, న్యూట్ తోకను పీకుతూ దాన్ని ప్రశాంతంగా ఉండనివ్వదు. తోడు కావాలంటే అదే జాతివి, ఇంచుమించు ఒకే సైజువి పెట్టండి.

అసలు టెన్షన్ మన ఎండలతోనే. మే నెలలో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్ళు 30 డిగ్రీలు దాటిపోతాయి. ఐస్ వేస్తే కాసేపు చల్లబడి మళ్ళీ వేడెక్కుతాయి, ఆ హెచ్చుతగ్గులు ఇంకా ప్రమాదం. చిల్లర్ (ట్యాంకు నీళ్ళను చల్లబరిచే యంత్రం) పెట్టించే వీలు లేకపోతే దయచేసి న్యూట్‌ను తెచ్చుకోకండి.

రెండు న్యూట్లకు 60 లీటర్ల ట్యాంకు, నీళ్ళను మెల్లగా కదిలించే స్పాంజ్ ఫిల్టర్, జావా మాస్ అనే నీటి నాచు మొక్క, ఎక్కి కూర్చోడానికి ఒక రాయి చాలు. మూత మాత్రం బిగుతుగా ఉండాలి. తడి పొట్టను అద్దానికి అతికించుకుని నిలువునా పాకేస్తాయి, ఫిల్టర్ పైపు పక్కనున్న సందులోంచి కూడా బయటపడతాయి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోగొట్టే మందు కలిపాకే పోయండి. ముట్టుకుంటే వెంటనే చేతులు కడుక్కోండి.

డార్జిలింగ్ వైపు దొరికే హిమాలయన్ న్యూట్‌ను ఎవరైనా అమ్మజూపితే కొనకండి, దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.