‘మలేనా’: కుర్రవాడి మోజు కథా, ఊరి నోటి కథా?

2000లో వచ్చిన ఇటాలియన్ సినిమా ‘మలేనా’లో ఒక అందగత్తె మీద కుర్రవాడి మోజుకు మించి ఏమైనా ఉందా అన్నది ప్రశ్న. నా దృష్టిలో ఆ మోజు కథకు గుమ్మం మాత్రమే. లోపల ఉన్నది ఊరి నోరు.

దర్శకుడు జుసెప్పె తోర్నతోరే ఈ కథను 1940 జూన్‌లో, ఇటలీ నియంత ముస్సోలినీ యుద్ధం ప్రకటించిన రోజున, సిసిలీలోని ఒక కల్పిత పట్టణంలో మొదలుపెడతారు. భర్త సైన్యంలో ఉన్న మలేనా గురించి అందరూ మాట్లాడతారు గానీ, ఆమెతో మనస్ఫూర్తిగా మాట్లాడేవారు ఒక్కరూ ఉండరు. మలేనాగా నటించిన మోనికా బెలూచీకి సంభాషణలు అంత తక్కువగా ఉండటం లోపం కాదని, అదే ఈ సినిమా చెప్పదలచిన విషయమని నేను గట్టిగా నమ్ముతాను.

లాటిన్ పంతులైన మలేనా తండ్రిని ఒక ఆకాశరామన్న ఉత్తరం కూతురికి దూరం చేస్తుంది. చివరికి యుద్ధం నుంచి తిరిగివచ్చిన భర్తకు ఆమె నిర్దోషి అని తెలిపేది కూడా ఉత్తరమే, రాసినవాడు ఆమెపై మోజుపడ్డ కుర్రవాడు రెనాతో. అయితే నడివీధిలో ఆడవాళ్లు ఆమెను కొట్టి, జుట్టు కత్తిరిస్తున్నప్పుడు అంతగా ఆరాధించిన ఆ కుర్రవాడు కూడా చూస్తూ నిలబడిపోయాడు. అతడు నిజంగా ఎదిగింది ఆ సిగ్గులోనే అనిపిస్తుంది.

ఏడాది తర్వాత భర్త చేయి పట్టుకుని తిరిగివచ్చిన మలేనాను సంతలో అదే ఆడవాళ్లు పలకరిస్తారు. ఎవరూ క్షమాపణ అడగరు, ఆమె మాత్రం మర్యాదగా బదులు పలుకుతుంది.