రాంచ్ ప్లాట్లు కాకుండా ఉండాలంటే

టెక్సస్ హిల్ కంట్రీలోని మీ రాంచ్ మీ తర్వాత ప్లాట్లుగా మారకూడదు, పశువులు మేస్తూనే ఉండాలి, దారేమిటని అడిగారు. వీలునామా ఒక్కటే చాలదండీ, పిల్లల చేతికొచ్చాక వాళ్లు ఎవరికైనా అమ్ముకోవచ్చు. మీకు కావాల్సింది కన్జర్వేషన్ ఈజ్‌మెంట్.

భూమి మీ పేరు మీదే ఉంటుంది. ముక్కలు చేసి ఇళ్లు కట్టే హక్కును మాత్రం శాశ్వతంగా వదులుకుంటూ ల్యాండ్ ట్రస్ట్‌కు, అంటే భూముల్ని కాపాడే సంస్థకు, రాసిస్తారు. కౌంటీలో రికార్డవుతుంది కాబట్టి రేపు ఎవరు కొన్నా అదే షరతు. పిల్లలకు ఒకటి రెండు ఇంటి స్థలాలు, కొట్టాలు, కంచెలు, కొత్త బోర్లు ఇప్పుడే పత్రంలో రాయించుకోండి. సంతకమయ్యాక మార్చడం చాలా కష్టం. భూమి మీద లోన్ ఉంటే ముందు బ్యాంకు ఒప్పుకోవాలి.

దానంగా ఇస్తే ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్‌లో డిడక్షన్, అంటే పన్ను లెక్కకొచ్చే ఆదాయంలో తగ్గింపు, వస్తుంది. ఆ ఏడాది వాడగా మిగిలింది ఇంకో 15 ఏళ్ల దాకా వాడుకోవచ్చు. డబ్బే అవసరమైతే, యుఎస్‌డిఎ (అమెరికా వ్యవసాయ శాఖ) పథకం కింద ఈజ్‌మెంట్ విలువలో సాధారణంగా సగం వరకు ట్రస్ట్ ద్వారా వస్తుంది. పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు డిడక్షన్ ఇప్పిస్తామనే వాళ్ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. అలాంటి స్కీముల మీద ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) గట్టిగా ఉంది.

సెడార్ చెట్లన్నీ కొట్టించేద్దామన్నారు, అది ఆపండి. గోల్డెన్ చీక్డ్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట ముదురు సెడార్ బెరడు పీచుతోనే గూడు అల్లుతుంది, అది గుడ్లు పెట్టేది టెక్సస్‌లో మాత్రమే. లోయల్లోని పాత చెట్లు ఉంచి, గడ్డిలోకి పాకిన లేత మొక్కలు తీయించండి. ఆ పని కూడా మార్చి నుంచి ఆగస్టు దాకా పెట్టుకోవద్దు.