కొత్త దేశంలో కాన్వెంట్ పెట్టడానికి వెళ్లే సిస్టర్ల జీవితం ఎలా ఉంటుంది?

మీ చెల్లెలు నర్సింగ్ పూర్తిచేసి మిషనరీ సిస్టర్ల సభలో చేరతానంటోందని, ఆఫ్రికాలో కొత్తగా కాన్వెంట్ పెట్టే బృందంతో వెళ్లాలన్నది ఆమె ఆశ అని, గుణదలలో మీ అమ్మగారు అన్నం కూడా సరిగా తినడం లేదని రాశారు. "అక్కడ వీళ్లు అసలేం చేస్తారు, ఎలా బతుకుతారు, మళ్లీ మా మొహం చూస్తుందా?" అన్నది మీ ప్రశ్న. మాది గుంటూరు. మా అమ్మ వాళ్ల అక్క, అంటే మా పెద్దమ్మ, టాంజానియాలో ఒక పల్లెలో మఠం మొదలుపెట్టిన సిస్టర్లలో ఒకరు. ఆవిడ ఉత్తరాలు అమ్మమ్మకు చదివి వినిపించే పని చిన్నప్పటి నుంచీ నాదే. సెలవుకు వచ్చినప్పుడు ఆవిడ పక్కన పడుకుని విన్న కబుర్లు ఇంకా ఎక్కువ. ఆ తెలిసినదాంట్లోంచే రాస్తున్నాను.

మొదట అమ్మగారికి ఈ విషయం చెప్పండి. మీ చెల్లెలు ఈ ఏడు చేరితే వచ్చే ఏడు విమానం ఎక్కదు. ముందు కొంతకాలం కాండిడేట్‌గా, పోస్టులెంట్‌గా, అంటే ఆ జీవితాన్ని దగ్గర నుంచి చూసుకునే దశల్లో ఉండాలి. తర్వాత నోవిషియేట్, అంటే వ్రతాలకు ముందు ఇచ్చే శిక్షణ. శ్రీసభ (కాథలిక్ చర్చి) చట్టం ప్రకారం అది 12 నెలలకు తగ్గకూడదు, మామూలుగా 2 ఏళ్లకు మించదు. ఆ పైన తాత్కాలిక వ్రతాలు, కనీసం 3 ఏళ్లు. వయసు 21 నిండకుండా నిత్య వ్రతాలు, అంటే జీవితాంతం కట్టుబడేవి, ఇవ్వరు. తాత్కాలిక వ్రతాల గడువు తీరిన రోజున "నేను ఇంటికి వెళ్లిపోతాను" అంటే ఆపే హక్కు ఎవరికీ లేదు. అలా వచ్చేసినవాళ్లు మా విచారణలోనే (మా చర్చి పరిధిలోనే) ఉన్నారు, పెళ్లిళ్లు చేసుకుని పిల్లాపాపలతో చక్కగా ఉన్నారు, వాళ్లను ఎవరూ తక్కువగా చూడరు.

మీ చెల్లెలికి చెప్పాల్సిన మాట వేరే ఉంది. ఎక్కడికి వెళ్లాలన్నది ఆమె చేతిలో ఉండదు. విధేయత వ్రతం అంటే అదే. ఆఫ్రికా అని చేరినవాళ్లను పల్నాడులో ఒక హాస్టల్‌కు వార్డెన్‌గా వేయవచ్చు, అక్కడే పదేళ్లు గడిచిపోవచ్చు. కొత్త దేశంలో మఠం పెట్టడానికి సభలు సాధారణంగా నాలుగు చోట్ల పనిచేసి ఆరితేరినవాళ్లనే పంపుతాయి. మా పెద్దమ్మకు ఆ పిలుపు వచ్చేసరికి నలభై దాటాయి. అంతకుముందు ఆవిడ కావాలని అడగనూ లేదు.

ఇక మఠం ఎలా మొదలవుతుందంటే, ఆ ప్రాంతపు పీఠాధిపతి (బిషప్) రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఏ సభా ఇల్లు తెరవడానికి వీల్లేదు. చాలాసార్లు ఆయనే పిలుస్తారు, "మా దగ్గర డిస్పెన్సరీ లేదు, సిస్టర్లను పంపండి" అని. పెద్దమ్మ వాళ్లను అలాగే పిలిచారు. వెళ్లేసరికి వాళ్లకు చూపించిన ఇల్లు విచారణవాళ్లు మొక్కజొన్న నిల్వచేసుకునే గది, దానికి ఆనుకుని ఒక వసారా. మఠం అన్నాక దివ్యసత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించిన అప్పం) ఉంచే ప్రార్థన గది ఉండి తీరాలి కాబట్టి మంచాల సంగతి తర్వాత చూద్దామని ముందు ఒక మూల కడిగి, బల్ల వేసి, ఊరి ఆడవాళ్లు ఇచ్చిన పూల గుడ్డ పరిచారట. మొదటి దివ్యబలిపూజ (మాస్) జరుగుతుంటే ఆ గుడ్డ మీద ముక్కపురుగులు పాకుతూనే ఉన్నాయట. ఫాదర్‌గారు ఒక చేత్తో వాటిని మెల్లగా తోసేస్తూ పూజ ముగించారని పెద్దమ్మ రాస్తే, అమ్మమ్మ ఆ ముక్క నాచేత మళ్లీ మళ్లీ చదివించుకుంది.

ఆ తర్వాతి కాలమంతా భాషే. పెద్దమ్మ ఇక్కడ ఆపరేషన్ థియేటర్‌లో చేసిన నర్సు. అక్కడ ఒక తల్లి జ్వరంతో కాలిపోతున్న బిడ్డను తెచ్చి ఒళ్లో పెడితే ఎన్నాళ్ల నుంచి అని అడగడానికి కూడా నోట మాట లేదు. పైగా ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ఇంజెక్షన్ చేయకూడదు. పని వచ్చి ఉండీ చేతులు కట్టుకు కూర్చోవడం ఆవిడకు ఆకలి కన్నా, మలేరియా కన్నా కష్టమనిపించింది. ఉత్తరాల్లో అలసట ఎక్కువగా కనిపించింది ఆ రోజుల్లోనే. కిస్వాహిలి నేర్పింది బడి కాదు, నీళ్లకు వెళ్లే దారిలో కలిసిన ఆడపిల్లలు. సంతలో ఒక్కో కూరగాయ పట్టుకుని పేరు చెప్పేవాళ్లట. అక్కడ మ్చిచా అని అమ్మేది మన తోటకూరే. అది దొరికిన రోజు చింతపండు పోసి పులుసు పెట్టి, మొక్కజొన్న పిండితో వండే ఉగాలిలో నంచుకుని తిన్నారట. చింతపండు అక్కడా దొరుకుతుంది. అమ్మగారికి ఇది తప్పక చెప్పండి, మా అమ్మమ్మకు సగం బెంగ ఆ ఉత్తరంతోనే తీరింది.

డబ్బు సంగతి కూడా అడిగారు. సిస్టర్‌కు సొంత జీతం ఉండదు. ఆమె సంపాదించేదంతా సభకే చెందుతుంది, సభ ఆమెను జీవితాంతం చూసుకుంటుంది. ఇంటికి డబ్బు పంపడం ఉండదు. మీ కుటుంబం ఆమె జీతం మీద ఆశ పెట్టుకుని ఉంటే ఆ మాట ఇప్పుడే నోరు తెరిచి మాట్లాడుకోండి. తర్వాత మనసులు నొచ్చుకోవడం కన్నా అది నయం.

గుంటూరు వాళ్లం ఈ ప్రశ్నను ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. మన ఊరికీ ఒకప్పుడు ఎవరింటి ఆడపిల్లలో ఇలాగే సముద్రం దాటి వచ్చారు. జేఎంజే (జీసస్, మేరీ, జోసఫ్) సభ 1822లో నెదర్లాండ్స్‌లోని ఆమర్స్‌ఫోర్ట్‌లో పుట్టింది. ఆ సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. వాళ్ల దగ్గరికి 1920 ఫిబ్రవరి 12న ఆస్ట్రేలియా నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి చేరింది, పేరు మేరీ గ్లౌరీ. 1887లో విక్టోరియా రాష్ట్రంలో పుట్టి, 1910లో మెల్‌బోర్న్‌లో డాక్టరైంది. మంచి ప్రాక్టీసు, ఎండీ కూడా చేసింది. 1915లో ఒకరోజు డాక్టర్ ఆగ్నెస్ మెక్లారెన్ గురించిన చిన్న పుస్తకం చదివి తన దారి ఇదేనని నిశ్చయించుకుంది. ఆ మెక్లారెన్ స్కాట్లాండ్ మనిషి. మగ డాక్టరు ముందుకు రాలేక మన దేశంలో ఆడవాళ్లు చనిపోతున్నారని, సిస్టర్లను వైద్యం చేయనివ్వండని రోమ్‌ను పదేపదే వేడుకుంది. అప్పట్లో సిస్టర్లు డాక్టర్లుగా పనిచేయడానికి శ్రీసభ నియమాలు ఒప్పుకునేవి కావు. సిస్టర్లందరికీ ఆ అనుమతి వచ్చింది 1936లో. మేరీ గ్లౌరీకి పోపు పదిహేనవ బెనెడిక్ట్ ప్రత్యేక అనుమతి ఇవ్వబట్టి ఆవిడ సిస్టరయ్యీ డాక్టరుగా కొనసాగింది.

(గుంటూరులో అప్పటికే ఆడవాళ్లకు వైద్యం చేసే ఇంకో పెద్ద మనిషి ఉన్నారు, లూథరన్ మిషన్ డాక్టర్ అన్నా కుగ్లర్. 1883లో వచ్చి 1898లో ఆసుపత్రి తెరిచారు. ఆవిడ పేరు లేకుండా గుంటూరులో వైద్యం కథ చెబితే నాకు మనసొప్పదు.)

మేరీ గ్లౌరీ తెలుగు నేర్చుకుంది, మన మూలికల గురించి తెలుసుకుంది, సెయింట్ జోసఫ్ హాస్పిటల్‌గా ఎదిగిన ఆ డిస్పెన్సరీలో, చుట్టుపక్కల పల్లెల్లో వైద్యం చేసింది. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆవిడ ఇక్కడి అమ్మాయిలకు మందులు కలపడం, కాన్పులు చేయడం, నర్సింగ్ నేర్పించడం. ఒక్క డాక్టరు ఎంతమందిని చూడగలదు? నేర్చుకున్న పిల్లలు ఇంకెంతమందికో నేర్పారు. 1943లో కొద్దిమంది సిస్టర్లతో కలిసి ఆవిడ కాథలిక్ హాస్పిటల్ అసోసియేషన్ మొదలుపెట్టింది. మన దేశంలోనే కాథలిక్ మెడికల్ కాలేజీ ఉండాలన్న ఆవిడ కోరిక 1963లో బెంగళూరు సెయింట్ జాన్స్‌తో నెరవేరింది. అప్పటికి ఆవిడ లేదు, 1957 మే 5న బెంగళూరులోనే కన్నుమూసింది. తిరిగి ఆస్ట్రేలియా చూడలేదు. 2013లో శ్రీసభ ఆవిడను దైవసేవకురాలిగా ప్రకటించింది, పునీతురాలిగా గుర్తించే దారిలో అది మొదటి మెట్టు.

మీరు విజయవాడ వాళ్లు కాబట్టి మారిస్ స్టెల్లా కాలేజీ తెలిసే ఉంటుంది. 1962లో దాన్ని పెట్టిన ఎఫ్ఎంఎం (ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ) సిస్టర్ల సభకు మూలం కూడా మన దక్షిణాదిలోనే ఉంది. స్థాపకురాలు మేరీ ఆఫ్ ద ప్యాషన్ ఫ్రాన్స్‌లోని నాంట్‌లో పుట్టి, వేరే సభ సిస్టర్‌గా 1865లో మదురై వచ్చింది. అక్కడ మఠాల్లో చీలిక వచ్చి, 1876లో ఇరవైమంది సిస్టర్లు ఆ సభ వదిలి ఊటీలో ఆవిడ చుట్టూ చేరారు. 1877 జనవరి 6న పోపు తొమ్మిదవ పియస్ కొత్త సభకు అనుమతి ఇచ్చారు. అంతటితో కష్టాలు తీరలేదు. 1883లో తాను పెట్టిన సభలోనే ఆవిడను పెద్ద పదవి నుంచి తీసేశారు. విచారణ జరిపించి, తప్పేమీ లేదని తేలాక 1884లో మళ్లీ ఎన్నుకున్నారు. ఆవిడ 1904లో చనిపోయేనాటికి సభలో రెండు వేలమందికి పైగా సిస్టర్లున్నారు. ఈ కథ ఎందుకు చెప్పానంటే, మఠం పెట్టేవాళ్లకు బయటి కష్టాల కన్నా లోపలి కష్టాలు ఎక్కువ. నలుగురు సిస్టర్లు, ఒకే వంటగది, ఒకే జీపు, ఒకరికి ఒకరే దిక్కు. అలిగితే వెళ్లడానికి పుట్టిల్లు పక్క వీధిలో ఉండదు. పెద్దమ్మ దీని గురించి ఉత్తరాల్లో ఒక్క ముక్క రాసేది కాదు, ఇంటికి వచ్చినప్పుడే చెప్పేది. మాట పట్టింపు వచ్చిన రాత్రి కూడా కలిసి జపమాల చెప్పుకోవాలి, అందులో రెండో సగం చెప్పాల్సింది తానేనని గుర్తుచేసుకుని గొంతు సవరించుకునేదట.

పెద్దమ్మకు ఎక్కువ ఏళ్లు పట్టిన పని కూడా మేరీ గ్లౌరీ చేసిన పనే. నీళ్ల దారిలో భాష నేర్పిన పిల్లల్లో ఇద్దరు డిస్పెన్సరీలో చీటీలు రాయడం మొదలుపెట్టారు. బీపీ చూడటం, రిజిస్టర్ రాయడం, గర్భిణీలను బరువు తూచడం నేర్చుకున్నారు. తర్వాత ఒకామె నర్సింగ్ చదివింది, ఇంకొకామె సిస్టర్ అయింది. ఆ సిస్టరే తర్వాత ఆ మఠానికి సుపీరియర్, అంటే పెద్ద. పెద్దమ్మ ఆమె కింద కొన్నాళ్లు పనిచేసి, సభ పంపితే ఇంకో ఊరికి వెళ్లిపోయింది. తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టిన రోజు ఎలా ఉందని అడిగితే, "హాయిగా ఉందమ్మా, ఇక ఆ ఇల్లు మాది కాదు, వాళ్లది" అంది. సభ ఏదైనా ఆ ఊళ్లో వేరు పట్టిందా లేదా అన్నది నేను దీన్నిబట్టే చూస్తాను.

మొహం చూస్తుందా అన్నదానికి నిజం చెప్తాను. మా పెద్దమ్మకు కొన్నేళ్లకోసారి ఇంటి సెలవు వచ్చేది. ఇప్పుడైతే వాట్సాప్‌లో వీడియో కాల్ కూడా ఉంది. కానీ అమ్మమ్మ పోయినప్పుడు ఆవిడ రాలేకపోయింది. టికెట్టు దొరికి వచ్చేసరికి సమాధి కూడా కట్టేశాం. ఆ బాధ ఆవిడకు ఇప్పటికీ ఉంది, మాకూ ఉంది. దాన్ని తక్కువ చేసి చెప్పను. అమ్మమ్మ మాత్రం ఒక్కరోజు కూడా ఆవిడను వెనక్కి రమ్మనలేదు. ఏటా ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు వెళ్లి మరియమాతకు కొబ్బరికాయ కొట్టి, పెద్దమ్మ పేరున ఒక కొవ్వొత్తి వెలిగించి వచ్చేది.

మీరు చేయగలిగింది ఒకటుంది. సంతకాలు, సామాన్లు అనేలోపు అమ్మగారిని వెంటబెట్టుకుని ఆ సభ కాన్వెంట్‌కు వెళ్లండి. ఫార్మేషన్ (కొత్తగా చేరేవాళ్ల శిక్షణ) చూసే సిస్టర్‌తో నేరుగా మాట్లాడండి. విదేశాలకు పంపేముందు భాష నేర్పిస్తారా, అక్కడ నర్సింగ్ రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిది, జబ్బు చేస్తే ఎక్కడ చూపిస్తారు, ఇంటి సెలవు ఎన్నేళ్లకు, తల్లిదండ్రులకు బాగాలేకపోతే ఏం చేస్తారు, ఇవన్నీ మొహమాటపడకుండా అడగండి. మంచి సభ అయితే ఓపిగ్గా చెబుతారు. వీలైతే విదేశాల్లో చేసి వచ్చిన పెద్ద సిస్టర్ ఎవరైనా ఆ కాన్వెంట్‌లో ఉన్నారేమో కనుక్కుని, మీ చెల్లెల్ని ఆవిడతో ఒక పూట ఒంటరిగా వదలండి. మీరు, అమ్మగారు బయట వరండాలో కూర్చోండి.