చలికాలంలో ఆల్పైన్ కౌంటీ: బేర్ వ్యాలీ, మార్క్‌లీవిల్ ఒకే ట్రిప్పులో కుదురుతాయా?

మీరు అడిగింది శాక్రమెంటో నుంచి డిసెంబరులో రెండు రోజుల్లో, కాలిఫోర్నియాలోని ఆల్పైన్ కౌంటీలో ఉన్న ఈ రెండు ఊళ్ళూ చూసి రావడం గురించి. కుదరదు. మ్యాపులో ఆ రెండు ఊళ్ళ మధ్య సుమారు నలభై మైళ్ళే. కానీ నడుమ ఉన్న ఎబెట్స్ పాస్ అనే కనుమ రోడ్డు (8,730 అడుగులు) గట్టి మంచు పడగానే మూసేస్తారు, మళ్ళీ తెరిచేది వసంతంలోనే. అప్పుడు బేర్ వ్యాలీ నుంచి కిందికి ఏంజెల్స్ క్యాంప్ దాకా దిగి, హైవే 49 మీద జాక్సన్ చేరి, హైవే 88 పట్టుకుని కార్సన్ పాస్ ఎక్కి, వుడ్‌ఫర్డ్స్ మీదుగా మార్క్‌లీవిల్ రావాలి. రోడ్డు బాగున్నా కనీసం మూడు గంటలు. కాబట్టి ఏదో ఒక వైపే ఎంచుకోండి. తూర్పు నుంచి మార్క్‌లీవిల్ వైపు వచ్చే మానిటర్ పాస్ కూడా చలికాలంలో మూతే.

కౌంటీ సంగతి క్లుప్తంగా: 1864లో వెండి గనుల హడావుడిలో పుట్టింది, ఆ హడావుడి తగ్గాక జనం పోయారు. 2020 లెక్కల్లో 1,204 మంది, కాలిఫోర్నియాలో అన్నిటికన్నా తక్కువ. విస్తీర్ణం మాత్రం హైదరాబాద్ జిల్లాకు ఎనిమిది తొమ్మిది రెట్లు. అయినా కౌంటీని నడిపే ఐదుగురు సూపర్‌వైజర్లున్నారు, అంటే ఒక్కొక్కరికి రెండు వందల నలభై మంది. మన పల్లెల్లో వార్డు మెంబరు చూసుకునేంత జనం! మునిసిపాలిటీ అన్నది లేదు, ట్రాఫిక్ లైటు లేదు. హైస్కూలు లేదు, తూర్పు వైపు పిల్లలు నెవాడాలోని మిండెన్ వెళ్ళి చదువుతారు. ఆసుపత్రి కూడా లేదు, దగ్గరివి సౌత్ లేక్ టాహో, గార్డ్‌నర్‌విల్. చిన్న పిల్లలతోనో పెద్దవాళ్ళతోనో వెళ్తుంటే ఈ ఒక్క సంగతి ముందే ఆలోచించుకోండి.

88 మీద కార్సన్ పాస్ ఏడాది పొడుగునా నడిచే రోడ్డే. అయితే కర్క్‌వుడ్ దగ్గర కార్సన్ స్పర్ అనే ఏటవాలు చోట మంచు చరియలు జారే ప్రమాదం ఉంది. పెద్ద తుఫాను తర్వాత వాటిని కావాలనే పేల్చి దింపుతారు, అప్పటిదాకా రోడ్డు ఆపేస్తారు. ఎంతసేపన్నది ఎవరూ చెప్పలేరు. బయల్దేరే ముందు రాష్ట్ర రోడ్ల శాఖ వారి ఆన్‌లైన్ మ్యాపు, కాల్‌ట్రాన్స్ క్విక్‌మ్యాప్ చూడండి. దారిలో సిగ్నల్ పోతుంది, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. హైవే మూసినప్పుడు ఫోను ఏదైనా అడవి రోడ్డు చూపిస్తే నమ్మి తిరగొద్దు. ఆ రోడ్లలో మంచు తీసేవాళ్ళుండరు. ట్యాంకు జాక్సన్‌లోనే నింపుకోండి.

అందరూ తడబడేది మంచు మీద జారకుండా టైర్లకు చుట్టే చైన్ల దగ్గర. ఆర్2 (చైన్ల నిబంధనలో రెండో స్థాయి) బోర్డు పెడితే, నాలుగు చక్రాలకూ మంచు టైర్లున్న ఆల్‌వీల్ డ్రైవ్ బండికి తప్ప అందరికీ చైన్లు తప్పనిసరి. ఆ బండ్లలోనూ చైన్లు వెంట ఉండాల్సిందే. ఆర్3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు, ఆ పరిస్థితి వచ్చేసరికి ఎక్కువసార్లు రోడ్డే మూసేస్తారు. టైరు పక్కన ఉన్న నంబరు (225/65 ఆర్17 లాంటిది) చూసి అదే సైజు కొనండి. అద్దె కారైతే చైన్లు వేయనిస్తారో లేదో ముందు కాగితాల్లో చదవండి.

ఇంట్లో ఒకసారి వేసి తీసి చూసుకోండి. చీకట్లో, తడి చేతులతో మొదటిసారి వేస్తే కొక్కెం లోపలి వైపు పడిందో లేదో కనబడదు. ఫ్రంట్‌వీల్ డ్రైవ్‌కి ముందు చక్రాలకే వేయాలి. వెనక వేస్తే లాగే చక్రాలకు పట్టే ఉండదు. వేశాక అర మైలు లోపే ఆగి మళ్ళీ బిగించండి. వదులుగా ఉన్న చైను ఫెండరును కొట్టి, బ్రేకు పైపు దాకా తగులుతుంది. వేగం గంటకు ముప్పై మైళ్ళు దాటొద్దు. తారు కనబడగానే విప్పేయండి, లేకపోతే లింకులు తెగుతాయి. రబ్బరు గ్లవ్స్, తలకు పెట్టుకునే లైటు, మోకాళ్ళ కింద వేసుకోవడానికి పాత కారు మ్యాటు పెట్టుకోండి.

వేసవిలో ఎబెట్స్ పాస్ మీదుగా వెళ్తే మధ్య గీత కూడా లేని సన్న రోడ్డు వస్తుంది, పాతికడుగులు దాటిన బండ్లు వద్దని బోర్డే ఉంది. ఆర్‌వీతో (లోపలే ఉండే వసతి గల పెద్ద బండి) అటు వెళ్ళొద్దు.