బంగాళాదుంపలు మొలకెత్తకుండా ఉండాలంటే

అమ్మలూ,

దుంపలు తెచ్చిన కొన్నాళ్లకే మొలకలు వచ్చేస్తున్నాయని బాధపడ్డావు. నీ తప్పేమీ లేదమ్మా. తవ్వి తీశాక కూడా దుంపలో ప్రాణం ఉంటుంది. రకాన్ని బట్టి రెండు మూడు నెలలు నిద్రపోయి, తర్వాత తనంతట తానే లేస్తుంది. నీ చేతికి వచ్చేసరికి ఆ నిద్ర ఎంత మిగిలిందో చెప్పలేం. అందుకే ముందు చెప్పేది ఇదే: బస్తా చవక అని ఒకేసారి కొనకు, రెండు వారాల్లో వండేసేంతే తెచ్చుకో.

మొలకను తొందరపెట్టేది ముఖ్యంగా వేడి. 7 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో దుంప ఎక్కువ కాలం నిలుస్తుంది. అంత చల్లటి చోటు లేకపోతే ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే మూల చూడు. పొయ్యి పక్క, ఫ్రిజ్ పైన మాత్రం వద్దు. ఫ్రిజ్ లోపల పెడితే మొలకలు ఆగుతాయి కానీ, ఆ చలికి దుంపలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. అలాంటివి వేపుడు చేస్తే లోపల ఉడక్కముందే పైన నల్లబడతాయి. కూరకైతే పరవాలేదు.

చీకట్లో పెడితే మొలకలు రావని చాలామంది అనుకుంటారు. వస్తాయి, తెల్లగా పొడుగ్గా సాగుతాయి కూడా. అయినా చీకట్లోనే పెట్టాలి, ఎందుకంటే వెలుగు తగిలితే దుంప పచ్చబడుతుంది, సొలనిన్ అనే విషం పెరుగుతుంది. ఉడికించినా, వేయించినా అది పూర్తిగా పోదు. ఈ విషయంలో మాత్రం నిర్లక్ష్యం చేయకు తల్లీ.

కడగకుండా, మట్టి మాత్రం దులిపి, గోనెసంచిలోనో బుట్టలోనో గాలి ఆడేలా ఉంచు. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పట్టి కుళ్లుతాయి. ఉల్లిపాయలు వేరే చోట పెట్టు, పక్కపక్కనే ఉంటే రెండూ తొందరగా పాడవుతాయి. వారానికోసారి చేయి పెట్టి చూసి, మెత్తబడినది ఉంటే అప్పుడే తీసెయ్.

మొలక చిన్నదై, దుంప గట్టిగా ఉంటే, మొలకను కన్నుతో (అది లేచిన చిన్న గుంటతో) సహా లోతుగా చెక్కేసి వండుకోవచ్చు. మొలక తుంచేసి మళ్లీ దాచకు, పక్క కళ్లు లేస్తాయి. ముడతలు పడి మెత్తబడినా, బాగా పచ్చబడినా, చేదుగా తగిలినా మొహమాటపడకుండా పారెయ్. ఆ మొలకలూ పచ్చ తొక్కలూ పశువులకు కూడా వేయొద్దు, వాటికీ హానే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ