డ్రాప్‌డౌన్ ఖాళీగా వస్తే నల్ అని రాయండి, ఊహించి నింపకండి

ఫారంలోని డ్రాప్‌డౌన్‌లో (నొక్కితే తెరుచుకునే జాబితాలో) ఏదీ ఎంచుకోకుండా వదిలేస్తే సేవ్ చేసేటప్పుడు ఎర్రర్ వస్తోంది, సున్నా వేయాలా, జాబితాలో మొదటిది వేయాలా అని అడిగారు. రెండూ వద్దు. నల్ అంటే ఇక్కడ విలువే లేదని డేటాబేస్‌కు తెలిపే గుర్తు. నల్ అని రాయండి. ఇంత గట్టిగా చెప్పడానికి నాకు ఒక రాత్రి అనుభవం ఉంది.

విశాఖలో, గాజువాక మిత్రులం కొందరం రక్తదాతల జాబితా నడిపేవాళ్లం. ఒకరోజు రాత్రి పదకొండు దాటాక ఫోను వచ్చింది. ఏ పాజిటివ్ కావాలి, బ్లడ్ బ్యాంకులో నిల్వ లేదు. మా జాబితాలో ఏ పాజిటివ్ వాళ్లే ఎక్కువ. కూర్మన్నపాలెం నుంచి ఒక కుర్రవాడిని బండి మీద ఎక్కించుకుని జగదాంబ వైపున్న ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి టెక్నీషియన్ వేలి నుంచి రక్తం తీసి గాజు పలక మీద చుక్కలు పెట్టింది. నీలం మందు కలిపిన చుక్క నున్నగా ఉండిపోయింది, పసుపు మందు కలిపినది పలుకులు పలుకులుగా విడిపోయింది. "ఈయనది బీ పాజిటివ్ అండీ" అంది. "అన్నా, నా గ్రూపు తెలియదని ఫారం నింపిన రోజే చెప్పాను కదా" అన్నాడు ఆ కుర్రవాడు. రోగి తండ్రి పక్కనే నిలబడి అంతా వింటున్నాడు. తర్వాత వచ్చిన అతనిదీ బీ పాజిటివే. మూడో మనిషి దొరికేసరికి రెండు గంటలైంది.

మర్నాడు కోడ్ తెరిచి చూశాను. మొదట రాసినతను మీకు వచ్చిన ఎర్రరే వచ్చిందని డ్రాప్‌డౌన్‌లోంచి ఖాళీ ఆప్షన్‌నే తీసేశాడు. ఖాళీ ఆప్షన్ లేకపోతే బ్రౌజర్ మొదటిదాన్ని తానే ఎంచుకుంటుంది. మా డ్రాప్‌డౌన్‌లో మొదటిది ఏ పాజిటివ్. గ్రూపు తెలియని ప్రతి మనిషీ ఏ పాజిటివ్ అయిపోయాడు. మన దేశంలో ఓ, బీ గ్రూపుల వాళ్లే ఎక్కువ. ఆ తేడా ముందే కంట్లో పడాల్సింది, పడలేదు.

ఇక మీ ఎర్రర్ సంగతి. ఖాళీ ఆప్షన్ నుంచి వచ్చేది నల్ కాదు, ఖాళీ స్ట్రింగ్, అంటే ఒక్క అక్షరమూ లేని పాఠం. దాన్ని ఇంటీజర్ (పూర్ణసంఖ్య) కాలమ్‌లో పెట్టబోతే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 1366 నంబరు ఎర్రర్ ఇస్తుంది. తప్పు విలువను ఒప్పుకోని స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే చడీచప్పుడు లేకుండా సున్నా రాసేస్తుంది, అది ఇంకా ప్రమాదం. మైఎస్‌క్యూఎల్ 5.7 వెర్షన్ నుంచి స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్‌గానే ఉంటుంది, దాన్ని తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సర్వర్ దగ్గర విలువ సరిగ్గా ఖాళీ స్ట్రింగ్ అయితేనే నల్‌గా మార్చండి. సర్వర్ కోడ్ పీహెచ్‌పీ భాషలో ఉంటే దీనికి ఎంప్టీ ఫంక్షన్ వాడకండి, దానికి "0" కూడా ఖాళీయే. కాలమ్ నల్‌ను ఒప్పుకోవాలి. ఈ విలువ మాస్టర్ టేబుల్లో (ఆప్షన్లన్నీ ఉండే పట్టికలో) ఉందా అని చూసే ఫారిన్ కీ నల్‌కు అడ్డు చెప్పదు, సున్నాకు మాత్రం అక్కడ ఆ వరుస ఉండాలంటుంది. అందుకోసమని "ఎంచుకోండి" అనే పేరుతో సున్నా నంబరు వరుస సృష్టించేవాళ్లను చూశాను. ఆ తర్వాత రిపోర్టులో "ఎంచుకోండి" కూడా ఒక గ్రూపుగా కనిపిస్తుంది.

నల్ పెట్టాక కొందరి పేర్లు తెరమీద మాయమైతే కంగారుపడి సున్నాకు తిరిగి వెళ్లకండి. రెండు పట్టికలను కలిపేటప్పుడు ఇన్నర్ జాయిన్ జత దొరకని వాళ్లను వదిలేస్తుంది, లెఫ్ట్ జాయిన్ వాడితే వాళ్లూ వస్తారు. నల్ ఉన్నవాళ్లను వెతికేటప్పుడు ఈక్వల్స్ (=) కాదు, ఈజ్ నల్ (IS NULL) వాడాలి. "తెలియదు" అని మనిషి స్వయంగా చెప్పడం ముఖ్యమైతే దాన్ని విడిగా ఒక ఆప్షన్‌గా పెట్టండి, జవాబే ఇవ్వకపోవడం వేరు.

జిల్లా డ్రాప్‌డౌన్‌లో "విశాఖపట్నం" ముందే ఎంచి ఉంచేవాళ్ల మీదా నాకు ఇదే కోపం. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యి అనకాపల్లి వేరు జిల్లా అయింది. ఆ డిఫాల్ట్‌ను కదపని అనకాపల్లి మనిషి ఇప్పటికీ విశాఖ లెక్కలోనే ఉంటాడు.

మా జాబితాలో నిజంగా ఏ పాజిటివ్ అని చెప్పినవాళ్లెవరో, ఊరికే వదిలేసినవాళ్లెవరో డేటాబేస్ చెప్పలేకపోయింది. ఏ పాజిటివ్ అన్నవాటినన్నింటినీ నల్ చేసి, ఒక్కొక్కరికీ ఫోను చేసి మళ్లీ అడిగాం. కొన్ని నంబర్లు అప్పటికే పనిచేయడం లేదు, వాళ్ల గ్రూపు ఈరోజుకీ నల్‌గానే ఉంది.